అక్కా అని పిలిచేవాళ్ళకు ఆరు వారాల మేడం

మీ ప్రశ్న చదివాను. ఎమ్మెస్సీ చదువుతూ సెలవులకు చిత్తూరు వచ్చారు. మీరు చదివిన బడివాళ్ళే, సెలవులో ఉన్న టీచరు బదులు నెలన్నర పాఠాలు చెప్పమంటున్నారు. ఒప్పుకోవాలా వద్దా అని అడిగారు.

ఒప్పుకోండి. రెండేళ్ళ కిందట నేను పుత్తూరులో అచ్చంగా ఇదే పని చేశాను. (2022లో జిల్లాలు విడదీశాక మేము తిరుపతి జిల్లా వాళ్ళమయ్యాం కానీ, అంతకుముందు మీదీ మాదీ ఒకే జిల్లా. కాబట్టి మా ఊరి సంగతులు మీకు కొత్తగా ఉండవు.) పాఠం చెప్పగలనా లేదా అన్న భయం మీ ప్రశ్నలో కనిపిస్తోంది. దాని గురించి అంతగా ఆలోచించకండి. సొంతూరిలో చిక్కంతా వేరే చోట ఉంటుంది.

నేను చెన్నైలో పరీక్షలు ముగించుకుని నవంబరులో ఇల్లు చేరాను. మూడో రోజు సాయంత్రం మా పాత హెడ్మాస్టరుగారు ఇంటికే వచ్చారు. లెక్కల టీచరుకు ఆపరేషన్ అయిందనీ, సంక్రాంతి సెలవులు అయ్యేదాకా రాలేరనీ చెప్పి, "తొమ్మిది, పది తరగతులు నువ్వు చూసుకోమ్మా" అన్నారు. ఆయన ఎదురుగా కూర్చోవడమే అలవాటు లేని దాన్ని, కాదని ఎలా అంటాను! నాకంటే ముందే నాన్న సరేనన్నారు. జీతం మాట ఆయనా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. నాకు బీఈడీ లేదు, టెట్ రాయలేదు. ప్రైవేటు బడి, అదీ కొద్ది వారాల పని కాబట్టి ఎవరూ అడగలేదు.

మొదటి రోజు ఇబ్బంది తరగతిలో కాదు, స్టాఫ్ రూములో ఎదురైంది. నాకు తెలుగు నేర్పిన టీచరు, ఒకసారి నా చేత గోడకుర్చీ వేయించిన సైన్సు సారు, అందరూ అక్కడే ఉన్నారు. ఖాళీ కుర్చీ కనిపిస్తున్నా గడప దగ్గరే నిలబడిపోయాను. సైన్సు సారు నవ్వి, "కూర్చో మేడం" అన్నారు. అటు "కూర్చో", ఇటు "మేడం". ఆరు వారాలూ నా బతుకు ఆ రెండు మాటల మధ్యే గడిచింది.

పిల్లలతోనూ అంతే. పదో తరగతిలో నలుగురు మా వీధివాళ్ళు. వాళ్ళలో ఒకడు ముందురోజే మా ఇంటికి పాల ప్యాకెట్ తెచ్చి ఇచ్చాడు. హాజరు పిలుస్తుంటే వాడు లేచి "ప్రెజెంట్ అక్కా" అన్నాడు. తరగతి ఘొల్లుమంది. నేనూ నవ్వేశాను. ఆ నవ్వు నాకు మేలే చేసిందని ఇప్పటికీ అనుకుంటున్నాను. హెడ్మాస్టరుగారు హాజరు పట్టీతో పాటు ఒక బెత్తం కూడా చేతికిచ్చారు. పిల్లలను కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టమే నిషేధించింది. ఆ మాట ఆయనతో అనే ధైర్యం లేక, బెత్తాన్ని బీరువా మీద పెట్టాను. నేను వచ్చేసే రోజుకు అది దుమ్ముపట్టి అక్కడే ఉంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను, మీకు పనికొస్తుంది.

పదో తరగతికి సాంఖ్యక శాస్త్రం మొదలుపెట్టాను. 30 మంది విద్యార్థుల మార్కుల సగటు కనుక్కోవాలి. మార్కులను 15 చొప్పున తరగతులుగా, అంటే విభాగాలుగా, విడదీశారు. వాటి మధ్య విలువలు 17.5, 32.5, 47.5, 62.5, 77.5, 92.5. పౌనఃపున్యాలు, అంటే ఒక్కో విభాగంలో ఉన్న పిల్లల సంఖ్యలు, వరుసగా 2, 3, 7, 6, 6, 6. వాళ్ళ టీచరు ఆపరేషన్‌కు వెళ్ళేముందు సోపాన విచలన పద్ధతి, అంటే పెద్ద విలువల బదులు చిన్న మెట్లు లెక్కబెట్టి సగటు కట్టే పద్ధతి, పరిచయం చేసి ఉన్నారు. నేనేమో ఎమ్మెస్సీ గర్వంతో, "ఇంత తిప్పలు ఎందుకు, ప్రత్యక్ష పద్ధతిలో నేరుగా గుణించి కూడేస్తే సరిపోతుంది" అని బోర్డు మీద మొదలుపెట్టాను. 35, 97.5, 332.5... అలా రాస్తూ పోతున్నాను. మొత్తం 1860 రావాలి, దాన్ని 30తో భాగించాలి. నాకు ఎక్కడో దశాంశం జారి వేరే సంఖ్య వచ్చింది. చెరిపి మళ్ళీ గుణిస్తున్నాను.

మూడో బెంచీలో ఒక అబ్బాయి సైకిలు మీద నుంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరు కట్టు గురించి మీకు నేను చెప్పాలా! వెదురుబద్దలు, గుడ్డ, పసరు, కోడిగుడ్డు సొన అన్నీ కలిసిన ఆ కట్టు వాసన వాడి చుట్టూ రెండు బెంచీల దాకా ఉండేది. రాయలేడు కాబట్టి వాడిని నేను పెద్దగా పట్టించుకోలేదు. వాడు కూర్చున్నచోటి నుంచే, "మేడం, 62 వస్తుంది" అన్నాడు.

ఎలా అని అడిగాను. మధ్యలో ఉన్న 47.5నే సగటు అని ముందు ఊహించుకున్నాడట. అక్కడ సున్నా. కిందికి మైనస్ ఒకటి, మైనస్ రెండు. పైకి ఒకటి, రెండు, మూడు. వాటిని పౌనఃపున్యాలతో గుణిస్తే మైనస్ 4, మైనస్ 3, సున్నా, 6, 12, 18. అన్నీ కలిపితే 29. దాన్ని 30తో భాగించి, తరగతి పొడవు 15తో గుణించాలి. అంటే 29లో సగం, 14.5. దానికి 47.5 కలిపితే 62. కాగితం లేదు, కలం లేదు, అంతా నోటితోనే.

చేతిలో సుద్దముక్కతో అలాగే నిలబడ్డాను. పరీక్ష హాలులో కాలిక్యులేటర్ ఉండదు. చిన్న సంఖ్యలైతే పిల్లలు తడబడరనే ఆ టీచరు ఈ దారి ఎంచుకున్నారు. ఆ పూట ఇంటికెళ్ళి, పిల్లల దగ్గర ఆమె చెప్పి రాయించిన నోట్సు అడిగి తెచ్చుకుని మొత్తం చదివాను. ఏ గుర్తు వాడారు, ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు రాయించారు, అంతా ఆమె బాటలోనే నడిచాను. సంక్రాంతి తర్వాత మళ్ళీ ఆమే వస్తారు. మన తెలివి చూపించుకోవడానికి మధ్యలో కొత్త బాట వేస్తే, మనం వెళ్ళిపోయాక పిల్లలు రెండు బాటల మధ్య నిలబడతారు.

మొదటి పీరియడ్‌లో నిద్రపోయేవాళ్ళను చూసి వెంటనే కోప్పడకండి. మా వైపు పవర్‌లూమ్ మగ్గాలున్న ఇళ్ళు ఎన్నో. ఒక అమ్మాయి రోజూ కునికేది. ఇంట్లో వాళ్ళమ్మకు ఒంట్లో బాగాలేక రాత్రిళ్ళు మగ్గం దగ్గర నాన్నకు సాయం చేస్తోందని వారం తర్వాత గానీ తెలియలేదు. సొంతూరు కదా, నాకు ముందే తెలిసి ఉండాలి. తెలియలేదు. చెన్నైకి వెళ్ళిన మూడేళ్ళలో ఊరు నాకు అంతమేర దూరమైంది. ఆ తరగతికి లెక్కల పీరియడ్‌ను మధ్యాహ్నానికి మార్పించాను. అదొక్కటే నేను ఆ బడిలో చేసిన మంచిపని అని గట్టిగా చెప్పగలను.

వానల సంగతి మీకూ తెలుసు. నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండం పడితే కలెక్టరుగారు సెలవు ప్రకటిస్తారు. నాకు అలా అయిదు రోజులు పోయాయి. ఆరు వారాలకు ఆరు వారాల పాఠాలు వేసుకోకండి.

మధ్యలో పరీక్షలు వచ్చాయి. పేపర్లు దిద్దాను. మా పక్కింటి అబ్బాయికి 31. పాస్ కావాలంటే 35. వాళ్ళమ్మ అంతకు రెండు రోజుల ముందే గిన్నెడు మురుకులు పంపించి ఉన్నారు, నేను తిని కూడా ఉన్నాను. పేపరు రెండుసార్లు తిరగేసి చూశాను, ఎక్కడైనా అర మార్కు దాక్కుని ఉందేమోనని. లేదు. 31 అలాగే ఉంచాను. వారం రోజులు ఆమె మా అమ్మతో మాట్లాడలేదు. గిన్నె మాత్రం అడిగి తీసుకెళ్ళారు. ఆ తర్వాత వాడే సాయంత్రాలు పుస్తకం పట్టుకుని మా వరండాలోకి వచ్చేవాడు, "అక్కా, ఈ లెక్క" అంటూ. ఇంటి దగ్గర అక్కే.

ఇక జీతం. ముందు మాట్లాడుకోలేదని చెప్పాను కదా. చివరికి వానల సెలవులు, ఆదివారాలు తీసేసి, పనిచేసిన రోజులకు మాత్రమే లెక్కగట్టి ఇచ్చారు. చెన్నైకి రైలు టికెట్టు, రెండు పుస్తకాలు, అమ్మకు ఒక చీర, అంతే వచ్చింది. గురువుగారిని అడగలేకపోయాను. మీరు మొహమాటపడకుండా ముందే తేల్చుకోండి. నెలకా, రోజుకా, సెలవులు కలిపా, విడిగానా అన్నీ అడగండి. పేపర్లు దిద్దే పని, సాయంత్రం స్టడీ అవర్లు అందులోకే వస్తాయా అనేది కూడా.

వచ్చేసే ముందు ఒక నోటుబుక్కులో ఏ పాఠం ఏ పేజీ దాకా అయింది, ఎవరికి ఎక్కడ ఆగింది అన్నీ రాసి టీచరుగారి ఇంటికి వెళ్ళి ఇచ్చాను. ఆమె మంచం మీదే కూర్చుని చదివి, "కట్టు కట్టుకున్నవాడు ఎలా ఉన్నాడు? వాడికి నోటి లెక్క బాగా వస్తుంది, చూశావా?" అని అడిగారు. ఆ మాట మొదటి వారమే విని ఉంటే నాకు బోర్డు మీద ఆ భంగపాటు తప్పేది. మీరు చేరే ముందే, సెలవులో ఉన్న ఆ టీచరు ఇంటికి ఒకసారి వెళ్ళి రండి.