టెక్ సందేహాలు: యాప్‌లో అంతా బాగుంది, కూలెంట్ మాత్రం తగ్గిపోతోంది

ప్రశ్న: నాది 2013 మోడల్ పెట్రోల్ కారు. రోజూ రాజాం నుంచి విజయనగరం వెళ్లొస్తాను. వారానికోసారి కూలెంట్ పోయాల్సి వస్తోంది. కారు కింద చుక్క కూడా కనబడదు. కారు కంప్యూటర్‌లోని ఎర్రర్ కోడ్‌లు చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొని ఫోన్‌కి కలిపితే ఒక్క ఎర్రర్ కోడ్ కూడా రాలేదు. మెకానిక్ మాత్రం హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కీ, కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయింది, హెడ్ దించాల్సిందే అంటున్నాడు. ఎవరి మాట నమ్మను?

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. కూలెంట్ విషయంలో స్కానర్‌కి తెలిసేది వేడి సంగతే. చిన్న కార్లలో చాలావాటికి కూలెంట్ ఎంత ఉందో చూసే సెన్సరే ఉండదు, ఇక లీకు కోడ్ ఎక్కడి నుంచి వస్తుంది? పైగా కూలెంట్ బాగా తగ్గి వేడి సెన్సర్ బయటపడితే, అది కొలిచేది ఆవిరినే. ఇంజిన్ మాడిపోతున్నా యాప్‌లో అంకె తక్కువగా కనబడవచ్చు. 90 డిగ్రీల దగ్గర తిరగాల్సిన అంకె దారిలో ఉన్నట్టుండి పడిపోతే సంతోషించకండి, కారు పక్కకు తీసి ఆపండి.

చుక్క కనబడకపోవడానికి హెడ్ గాస్కెట్టే కారణం కానక్కర్లేదు. వేడి ఇంజిన్ మీద పడిన చుక్క నేలకు చేరేలోపే ఆవిరైపోతుంది. మరక మాత్రం ఉండిపోతుంది. పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఫోన్‌లో టార్చ్ వేసి, వీడియో పెట్టి, చెయ్యి దూరని సందుల్లోకి దించండి. హోస్ పైపుల క్లిప్పుల దగ్గర, రేడియేటర్ అంచుల్లో, వాటర్ పంప్ కింద తెల్లగానో పచ్చగానో పెచ్చు కట్టి ఉందేమో చూడండి. వాటర్ పంప్‌కి చిన్న కన్నం ఒకటి ఉంటుంది. లోపలి సీలు అరిగితే కూలెంట్ అక్కడి నుంచే కారుతుంది. స్కానర్ కన్నా ఈ వీడియో ఎక్కువ చెబుతుంది.

తర్వాత రేడియేటర్ మూత. దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ నా అనుమానం ముందు దీని మీదే. మూత మీద 0.9 అని ఉంటే లోపల అంత బార్ ఒత్తిడి నిలుపుతుందని అర్థం. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు గట్టిపడి పగిలితే ఆ ఒత్తిడి నిలవదు. కూలెంట్ త్వరగా మరిగి, రిజర్వ్ ట్యాంకు పొంగి, దారి పొడవునా పోతుంది. సాలూరు దాటి ఘాట్ ఎక్కారంటే ఇంకా తొందరగా ఖాళీ అవుతుంది. కొత్త మూత అదే అంకెది వేయించండి. వేడిగా ఉన్నప్పుడు మాత్రం మూత ముట్టుకోవద్దు, ముఖం కాలుతుంది.

ఇవన్నీ బాగుంటే మెకానిక్‌ని ప్రెషర్ టెస్ట్ అడగండి. చల్లని ఇంజిన్‌కి మూత స్థానంలో చేతి పంపు బిగించి, మూత మీద రాసినంత ఒత్తిడి ఎక్కించి కాసేపు ముల్లు చూస్తారు. ముల్లు దిగుతోంది, బయటెక్కడా తడి లేదు అంటే లీకు లోపలే. ముందు సీటు కింద కార్పెట్ తడిగా, తియ్యటి వాసనతో ఉంటే కారుతున్నది హీటర్ కోర్, అంటే లోపలికి వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే, ఆయిల్‌లో మీగడలాంటి తెట్టు తేలితే మెకానిక్ చెప్పిందే నిజం కావచ్చు. ఆయిల్ మూత లోపల కాస్త తెలుపు మాత్రం వానాకాలంలో, తక్కువ దూరాలు తిరిగే కార్లలో మామూలే. అది చూసి హెడ్ దించనివ్వకండి.

లీకు ఆపే పొడులు వేయొద్దు, సన్నటి దారులు మూసుకుపోతాయి. బోరు నీళ్లూ పోయొద్దు, ఉప్పు పేరుకుంటుంది. కూలెంట్ తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం. కింద ఒలికితే కడిగేయండి.

ప్రశ్న: ఏసీ వేస్తే కారు ముందు భాగంలో నీళ్లు కారుతున్నాయి. ఇదీ లీకేనా? (శ్రీకాకుళం నుంచి)

జవాబు: తెల్ల కాగితం పెట్టి చూడండి. రంగు, జిగట, వాసన లేకపోతే అది ఏసీ నీరు. మన తీరం ఉక్కపోతలో ధారగా కారినా టెన్షన్ పడక్కర్లేదు. ఆ నీరు బయటికి రాకుండా కాళ్ల దగ్గర కార్పెట్ తడిస్తేనే డ్రెయిన్ పైపు శుభ్రం చేయించండి.