'పది నిమిషాల్లో రెడీ' అన్న మాట కొట్టెయ్ తమ్ముడూ

తమ్ముడూ,

నువ్వు పంపిన బీఫ్ నూడుల్ సలాడ్ రైటప్ రాత్రి చదివాను, పొద్దున్నే మళ్ళీ చదివాను, ఆ తర్వాత నువ్వు రాసింది రాసినట్టే వండాను కూడా. అందుకే ఈ ఉత్తరం కొంచెం కోపంగా ఉంటుంది. పుదీనా చేత్తో తుంచితే వేళ్ళకి పట్టిన వాసన సాయంత్రం దాకా పోలేదన్నావు చూడు, ఆ ఒక్క వాక్యం చాలా బాగుంది. మిగతాదంతా అలా ఎందుకు రాయలేదు?

"క్విక్ ఏషియన్ స్టైల్, పది నిమిషాల్లో రెడీ" అట. తర్వాత "బీఫ్ వేయించి, ముక్కలు కోసి, నూడుల్స్‌లో కలపండి" అట, అంతే! నేను నీ మాట నమ్మి పెనం మీంచి దించిన వెంటనే కోశాను, చెక్క పలక మీద ఎర్రటి రసం మడుగు కట్టింది, ముక్కలేమో ఎండిపోయాయి. దించాక కనీసం ఐదు నిమిషాలు కదపకుండా వదిలేస్తే ఆ రసంలో చాలావరకు మాంసంలోనే ఉండిపోతుంది. ఆగమని నువ్వెక్కడా చెప్పలేదు. ఆగడం కూడా వంటే, అది కూడా రాయాలి.

ఇంక పీచు సంగతి. ఫ్లాంక్ ముక్క, అంటే పశువు పొట్ట కింది భాగం మాంసం, తీసుకోమన్నావు, మంచిదే, కానీ దాని పీచు పొడుగ్గా ఒకే వైపు పోతుంది, చూస్తేనే తెలిసిపోతుంది. దానికి అడ్డంగా, పల్చగా కోయాలి, అప్పుడు పోగులు పొట్టివై నమలడానికి మెత్తగా ఉంటాయి. పీచు వెంబడి కోస్తే తాడు నమిలినట్టే. నాకిది తెలియక ఎన్నేళ్ళు దవడలు నొప్పెట్టేలా తిన్నానో, చివరికి మాంసం కొట్టాయన కత్తి మొనతో పీచు మీద అడ్డంగా గీత గీసి చూపించాడు. అప్పటిదాకా నేను చదివిన ఏ రెసిపీలోనూ ఆ గీత లేదు.

బియ్యం నూడుల్స్ దగ్గరా అంతే. మరిగించి దించిన నీళ్ళలో నానబెట్టి, ఒక పోగు తుంచి చూడాలి, మధ్యలో తెల్లటి గట్టితనం పోయిందంటే అయినట్టే. వెంటనే చన్నీళ్ళతో కడిగితే పైన ఉన్న గంజి పోతుంది, ముద్ద కట్టవు. ఆ తర్వాత చిల్లుల గిన్నెలో వేసి నీళ్ళు పూర్తిగా ఓడనివ్వాలి. ఒకసారి నేను ఈ ఓడనివ్వడం గురించి రెండు లైన్లు రాస్తే ఒక ఎడిటరు జాగా లేదని తీసేశాడు, పక్కనే ఫోటోకి మాత్రం అర పేజీ ఇచ్చాడు. సలాడ్ నీళ్ళు నీళ్ళుగా అయిందని పాఠకులు రాస్తే ఆ ఉత్తరాలన్నీ నాకే వచ్చాయి. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"ఏషియన్ స్టైల్" అంటే ఏ దేశం తమ్ముడూ? థాయ్‌లాండ్ వాళ్ళ బీఫ్ సలాడ్ యమ్ నువా వేరు, వియత్నాంలో నూడుల్స్ మీద బీఫ్, ఆకులు, వేరుశనగపప్పు వేసే బున్ బో నామ్ బో వేరు. నువ్వు చేసింది రెండోదానికి దగ్గర, ఆ మాట రాయి. ఫిష్ సాస్ (చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసే రసం), నిమ్మరసం, పంచదార ఒక్కో వంతు, నీళ్ళు మూడు వంతులు, వెల్లుల్లి, మిర్చి వేసి కలిపి, స్పూనుతో కాకుండా ఒక నూడుల్ ముంచి రుచి చూడమను. నూడుల్స్ చప్పగా ఉంటాయి కదా, స్పూనుతో చూస్తే సరిపోయిందనుకుంటాం, గిన్నెలో కలిపాక చప్పబడిపోతుంది.

పుస్తకం వేసేవాళ్ళ గురించి అడిగావు, అది ఇంకోసారి. ముందు దీన్ని మళ్ళీ వండు, పక్కన కాగితం పెట్టుకుని మాంసం దించిన టైమూ, కోసిన టైమూ, నూడుల్స్ ఓడడానికి పట్టిన టైమూ రాసి పంపు. ఫోటోలు పంపకు.