ఒకే రిస్ పలక రెండు బ్యాండ్లకూ పనికొస్తుందా?
నల్లగొండలో గుట్ట చాటున మొబైల్ సిగ్నల్ అందని ఇళ్లకు రిస్ పలక పెడితే 700 మెగాహెర్ట్జ్, 3.5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు రెండూ బాగుపడతాయా అని అడిగారు. బాగుపడతాయి, కానీ సమానంగా కాదు.

రిస్ (RIS, రీకాన్ఫిగరబుల్ ఇంటెలిజెంట్ సర్ఫేస్) అంటే రేడియో తరంగాలకు అద్దం లాంటిది. పలక నిండా చిన్న చిన్న గళ్లు, ఒక్కో గడిలో డయోడ్. దానికిచ్చే వోల్టేజీ మారిస్తే ఆ గడి నుంచి తిరిగొచ్చే తరంగం ఫేజ్ (దాని ఎగుడుదిగుళ్లు ఎంత ముందో వెనకో పడటం) మారి, తరంగం మనం కోరిన వైపు తిరుగుతుంది. చిక్కంతా ఇక్కడే. 3.5కి కుదిరిన వోల్టేజీ 700 దగ్గర వేరే ఫేజ్ ఇస్తుంది, తరంగదైర్ఘ్యాలు 8.6, 43 సెంటీమీటర్లు మరి! అందుకే రెండు బ్యాండ్లకూ కలిపి వోల్టేజీలకు ఒకే లెక్క వెయ్యాలి, లేదా గళ్లను పంచాలి. నేనైతే ఎక్కువ గళ్లు 3.5కే ఇస్తాను, 700 ఎలాగూ గుట్ట అంచున కొంత వంగి వస్తుంది. పలకను ఇళ్లకు దగ్గరగా, టవర్ కనిపించే చోట బిగించండి. టవర్‌కూ ఇళ్లకూ సగం దారిలో పెడితే నష్టం అన్నిటికన్నా ఎక్కువ.