మీరడిగారు: మేస్త్రీ లేని జట్టు

పైన ఒకరు కూర్చుని చెబితే కిందివాళ్లు చేసే పద్ధతి వదిలి, అందరూ సమానంగా పని నడుపుకోవాలని చూస్తున్న జట్లు డెల్టాలో చాలానే ఉన్నాయి. వాళ్లు పంపిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈ నెల జవాబులు.

మేం తొమ్మిది మందిమి కొబ్బరి దింపు, వలుపు పనివాళ్లం. మేస్త్రీని వదిలేసి ఆరు నెలలైంది. ఇప్పుడు తోటల రైతులంతా మాలో ఒక కుర్రాడికే ఫోన్ చేస్తున్నారు. ఎవరు ఏ తోటకి వెళ్లాలో వాడే చెబుతున్నాడు. మళ్లీ ఇంకో మేస్త్రీ తయారయ్యాడా అండీ? — అంబాజీపేట దగ్గర నుంచి

తయారవుతున్నాడండి. అందులో ఆ కుర్రాడి తప్పేమీ లేదు. మీరు మేస్త్రీని తీసేశారు గానీ మేస్త్రీ పని ఎక్కడికీ పోలేదు. పని వెతకడం, రేటు మాట్లాడటం, మనుషుల్ని పంపడం, డబ్బు వసూలు చేయడం, అడ్వాన్సులివ్వడం: ఈ ఐదూ ఎవరో ఒకరు చేయాల్సిందే. పంచుకోకపోతే, ఎవరి జేబులో ఫోన్ ఉంటే వాళ్ల దగ్గరికే చేరతాయి.

ముందు జట్టు పేరుతో వేరే సిమ్ తీసుకోండి. బటన్ల ఫోన్ చాలు. పాత రైతులందరికీ ఆ నంబరే ఇవ్వండి. కుర్రాడి సొంత నంబరుకి ఎవరైనా చేస్తే, ‘జట్టు నంబరుకి చేయండి బాబాయ్’ అని చెప్పి పెట్టేయాలి. మొహమాటం వల్ల ఈ మాట చెప్పలేకపోవడంతోనే చాలా జట్లు మళ్లీ మొదటికొస్తాయి. ఫోన్ ఒకరి దగ్గర, మనుషుల్ని పంపే పుస్తకం ఇంకొకరి దగ్గర, డబ్బు మూడోవారి దగ్గర ఉండాలి. ఏ ఇద్దరి పనీ ఒకే మనిషి చేతిలో పడకూడదు. ఫోన్, పుస్తకం రెండు వారాలకోసారి చేతులు మారవచ్చు. రేటు మాట్లాడే పని మాత్రం మూడు నెలలైనా ఒకరి దగ్గరే ఉంచండి. రెండు వారాలకో కొత్త గొంతు వినబడితే రైతు బేరం మళ్లీ మొదట్నుంచి మొదలెడతాడు. మారే రోజున పాతవారు, కొత్తవారు ఒక పూటంతా పక్కపక్కన కూర్చుని పని చేయాలి. ఏ రైతు బాకీ పెడతాడో, ఏ తోటలో చెట్లు పాకుడు పట్టి జారతాయో పుస్తకంలో ఉండదు కదా.

పుస్తకంలో గళ్లు: తేదీ, తోట, చెట్ల సంఖ్య, ఎవరు వెళ్లారు, కాయల లెక్క, వచ్చిన డబ్బు. ఎవరిని పంపాలన్నదానికి రూలు ఒక్కటి: ఆ వారం ఎవరికి తక్కువ పని దినాలు దొరికాయో వాళ్లదే మొదటి వంతు. ఇది రాసి ఉంటే పంపేవాడి ఇష్టానికి చోటుండదు. దింపుకీ దింపుకీ మధ్య నెలన్నర, రెండు నెలలు పడుతుంది కాబట్టి, పుస్తకం తిరగేస్తే వచ్చే వారం ఏ తోటకి వేళైందో తెలుస్తుంది. రైతు పిలిచేదాకా ఆగకుండా మీరే ఫోన్ చేయవచ్చు.

అసలు ముడి అడ్వాన్సు దగ్గరుంది. మేస్త్రీ పట్టు రేటులో కన్నా పండక్కీ ఆసుపత్రికీ ఇచ్చే అప్పులోనే ఎక్కువ. ఆ అప్పు ఇచ్చే చోటు మీలో లేకపోతే, ఏదో ఒక పండక్కి ఒకరిద్దరు ఆయన గడప ఎక్కుతారు. పని చేసిన రోజున మనిషికి 20 రూపాయలు పక్కన పెడితే, నెలకి 25 రోజుల లెక్కన తొమ్మిది మందికి 4,500 అవుతుంది. ఒక్కొక్కరికి అప్పు ఎంతవరకో, పాతది తీరకుండా కొత్తది ఉందో లేదో ముందే రాసుకోండి. చెట్టెక్కే పని కాబట్టి బీమా కూడా: ప్రధానమంత్రి సురక్షా బీమాకి బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు పోతాయి, ప్రమాద మరణానికి రెండు లక్షలు వస్తాయి. దింపు పనివాళ్ల కోసమే కొబ్బరి అభివృద్ధి బోర్డు నడిపే కేర సురక్ష గురించి కూడా అడిగి తెలుసుకోండి.

ఒకే మురుగు కాలువ మీద 14 మందిమి రొయ్యల చెరువులు చేస్తున్నాం. అధ్యక్షుడు వద్దు, అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం అనుకున్నాం. ఒక్కరు కాదన్నా ఆగిపోతోంది. ఈ లోపు వైట్‌స్పాట్ జబ్బు వచ్చిన చెరువు నీళ్లు కాలువలోకి వదిలేశారు. — ఉండి మండలం నుంచి

‘అందరికీ నచ్చాలి’ అని పెట్టుకుంటే ఏ తీర్మానమూ తెమలదు. ‘ఎవరికీ దెబ్బ తగలకూడదు’ అని పెట్టుకోండి. నెదర్లాండ్స్‌లో గెరార్డ్ ఎండెన్‌బర్గ్ అనే ఇంజనీరు తన ఎలక్ట్రికల్ కంపెనీని ఈ పద్ధతి మీదే నడిపాడు. అక్కడ అడిగే ప్రశ్న ‘మీకు నచ్చిందా’ అని కాదు, ‘దీంతో మన పని చెడే కారణం ఏమన్నా ఉందా’ అని.

మీ సంగతే తీసుకుందాం. ఒకరు ప్రతిపాదన రాసి చదువుతారు: ‘జబ్బు కనబడిన చెరువు రైతు వెంటనే అందరికీ చెప్పాలి. బ్లీచింగ్ చేయకుండా చుక్క నీరు వదలకూడదు. మిగతావాళ్లు కాలువ నీరు తోడటం ఆపాలి.’ మొదటి చుట్టులో అర్థం కానివి అడగడమే, వాదన లేదు. రెండో చుట్టులో ఒక్కొక్కరికి రెండేసి నిమిషాలు, మధ్యలో ఎవరూ అందుకోకూడదు. మూడో చుట్టులో అభ్యంతరాలు. ‘నాకిష్టం లేదు’ అన్నది అభ్యంతరం కిందికి రాదు. ‘నాది శివారు చెరువు, తోడటం ఆపితే వారంలో మట్టం పడిపోయి రొయ్య ఒత్తిడికి లోనవుతుంది’ అన్నది అసలైన అభ్యంతరం. దానికి ‘తోడటం ఆపేది ఇన్ని రోజులే, శివారు రైతుకి పక్క బోరు నీళ్లు ముందు ఇవ్వాలి’ అని సవరణ కలపండి. ఒక పంట కాలానికి ఒప్పుకుని, మళ్లీ చూసే తేదీ కూడా అక్కడే రాయండి. కలకాలానికని కాకుండా ఒక్క పంటకే అంటే మొండి మనిషి కూడా సరేనంటాడు.

అయితే రైతు జబ్బు సంగతి ఎందుకు దాస్తాడు? తెలిస్తే కొనేవాళ్లు రేటు తెగ్గొడతారు, ఈలోపే పట్టేయాలి అనుకుంటాడు. అందుకని చెప్పినవాడికి లాభం ఉండేలా రూలు రాయాలి: ముందుగా చెప్పిన చెరువుకి అత్యవసర పట్టుబడిలో వలలు, మనుషులు, ఐసు మిగతా 13 మంది సర్దాలి. ఇది లేకుండా జరిమానా ఒక్కటే పెడితే ఇంకా దాస్తారు. జరిమానా కూడా మెట్లుమెట్లుగా ఉండాలి: మొదటిసారి నలుగురిలో మాట, రెండోసారి డబ్బు, మూడోసారి ఉమ్మడిగా చేయించే సీడ్ (రొయ్య పిల్లల) పరీక్షల్లో వంతు పోవడం. ఉమ్మడి నీళ్లు, అడవులు, చేపల రేవులు జనం తమంతట తామే కాపాడుకున్న చోట్ల ఇలాంటి మెట్ల జరిమానాలే ఉన్నాయని అమెరికా పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రమ్ చూపించారు. 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ ఆమెకి వచ్చింది.

అన్నిటికీ మీటింగు పెట్టకండి. మీ చెరువు మేత మీ ఇష్టం. ఏ హేచరీ సీడ్ తేవాలన్నది, అక్కడ ఇదివరకు కొన్న ఇద్దర్ని అడిగి మీరే తేల్చుకోండి, వాళ్ల మాట వినాలి గానీ ఒప్పుకోలు అక్కర్లేదు. కాలువని తాకే విషయమే చుట్టులో పెట్టాలి. 14 మంది ఒకే గుంపులో ఉంటే జతజతకీ 91 సంబంధాలు. ఏడుగురేసి రెండు గుంపులైతే ఒక్కోదానిలో 21. నెదర్లాండ్స్‌లో ఇళ్లకి వెళ్లి సేవ చేసే బ్యూర్ట్‌జోర్గ్ నర్సుల బృందాలు 12 మందికి మించవు. మీరూ కాలువ ఎగువ, దిగువగా విడిపోయి, చెరొకర్ని రెండో గుంపులో కూర్చోబెట్టండి.

నరసాపురం చుట్టుపక్కల 11 మంది ఆడవాళ్లం ఏజెంటు లేకుండా లేసు అల్లి అమ్ముతున్నాం. డబ్బు ఒకరి ఫోన్‌పేకి వస్తోంది. ఆమె మంచిదే. కానీ అందరికీ లోపల గుబులుగా ఉంది.

ఆమె మంచితనం మీద భారం వేయడం ఆమెకీ అన్యాయమేనమ్మా. రేపు ఒక లెక్క తేడా వస్తే రుజువు చేసుకోవడానికి ఆమె దగ్గర కాగితం ఉండదు. సంఘం పేర ఖాతా తెరిచి, ముగ్గురిలో ఏ ఇద్దరి సంతకాలతోనైనా డబ్బు తీసేలా పెట్టండి. ఇక్కడే అందరూ తట్టుకునే రాయి ఒకటుంది: ఇద్దరి సంతకంతో నడిచే ఖాతా నుంచి యూపీఐ చెల్లింపులు చాలా బ్యాంకుల్లో కుదరకపోవచ్చు. దారం కొట్టువాడికి అప్పటికప్పుడు కట్టాలి కదా అని మళ్లీ ఒకరి ఫోన్‌లోకి వెళ్లిపోతారు. విరుగుడు: కొనేవాళ్ల డబ్బంతా ఉమ్మడి ఖాతాకే రావాలి. చిల్లర ఖర్చులకి 5,000 మాత్రం ఒకరి ఖాతాలో వేసి, రసీదులు చూపిస్తేనే మళ్లీ నింపాలి.

దారం తూచి ఇచ్చి, లేసు తూచి తీసుకోండి. ఒక గ్రాము తేడా చూపించే కాటా కావాలి. వర్షాకాలంలో నూలు తేమ పీల్చి బరువెక్కుతుంది, తడి చేతుల లేసు తూస్తే తరుగు కనబడదు. ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ ఒకేలా ఆరనిచ్చి తూచండి. మొదటి నెలలో పది ముక్కలు తూచి మీ తరుగు ఎంతో మీరే తేల్చుకోండి, బయటివాళ్లు చెప్పిన అంకె నమ్మవద్దు. కూలీ కట్టడానికి కొత్త డిజైన్‌ని ముగ్గురు అల్లి చూడాలి. 10, 12, 14 గంటలు పడితే 12 గంటల లెక్క. అల్లినామె తన ముక్క తాను పాస్ చేయకూడదు.

చట్టం సంగతి: 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద, వేర్వేరు కుటుంబాల నుంచి పది మంది ఉంటే రిజిస్టర్ చేసుకోవచ్చు. మీరు 11 మంది కాబట్టి సరిపోతారు, కానీ మీలో అక్కాచెల్లెళ్లు ఒకే ఇంటివారైతే ముందే లెక్క చూసుకోండి. ఉత్పత్తిదారులే సభ్యులుగా పెట్టుకునే ప్రొడ్యూసర్ కంపెనీ అయితే కనీసం ఐదుగురు డైరెక్టర్లు, పూర్తికాలపు సీఈఓ ఉండాలి. మీ స్థాయికి అది బరువు. ఏ చట్టమైనా కాగితం మీద ఒక బోర్డు అడుగుతుంది. పెట్టండి. వాళ్లు సంతకాల వరకే, రేట్లూ పంపకాలూ అందరూ కూర్చునే చుట్టులోనే అని నిబంధనావళిలో రాయించండి.

ఆరుగురం కడియం దగ్గర నర్సరీ నడుపుతున్నాం. బాసు లేడు సరే. సరిగ్గా చేయనివాణ్ని ఎవరు అడగాలి?

అతని పనితో నష్టపోయేవాడు అడగాలి. కాలిఫోర్నియాలో టమాటాలు ప్రాసెస్ చేసే మార్నింగ్ స్టార్ కంపెనీలో ఎవరికీ మేనేజరు ఉండడు. ప్రతి ఒక్కరూ తాను ఏం చేస్తానో, దాన్ని ఏ కొలతతో చూడాలో తోటివాళ్లకి ఏడాదికోసారి రాసిస్తారు. ‘మొక్కలు బాగా చూసుకుంటాను’ అని రాస్తే పనికిరాదు. ‘రోజూ ఉదయం ఎనిమిదిలోపు 4,000 గులాబీ సంచులకి నీళ్లు, సోమవారం ఎండిన మొక్కల లెక్క’ అని రాయాలి. లెక్క తప్పితే ముందు ఇద్దరే మాట్లాడుకోవాలి. తేలకపోతే ఇద్దరూ ఒప్పుకున్న మూడో మనిషి, అప్పటికీ తేలకపోతే ఆరుగురూ. మూడో మనిషి పేరు గొడవ రాకముందే రాసుకోండి. గొడవ మధ్యలో ఆ పేరు మీద ఇద్దరికీ ఒప్పందం కుదరదు.