ఎమర్జెన్సీలో హెచ్‌సీవీ రియాక్టివ్ వచ్చింది: సమాధానం

బైక్ మీద నుంచి పడిన మీ నాన్నగారికి గుంటూరులో ఎమర్జెన్సీలో కుట్లు వేసే ముందు రక్తపరీక్ష చేస్తే ‘హెచ్‌సీవీ రియాక్టివ్’ (కాలేయానికి సోకే హెపటైటిస్ సి వైరస్ పరీక్షలో పాజిటివ్) వచ్చిందని, అప్పటినుంచి ఇంట్లో ఆయన కంచం వేరుగా పెట్టారని రాశారు. ముందు ఆ కంచం అందరి వాటితో కలిపేయండి. పెద్దాయన మనసు ఎంత నొచ్చుకుంటుందో! హెపటైటిస్ సి రక్తం ద్వారా అంటుతుందండీ, కలిసి తింటే రాదు. రేజరు, బ్రష్షు మాత్రం వేరుగా ఉంచండి.

ఎమర్జెన్సీలో మామూలుగా చేసేది ర్యాపిడ్ కార్డు. రెండు గీతలు పడితే యాంటీబాడీలు, అంటే వైరస్‌ను ఎదుర్కోడానికి ఒళ్లు తయారుచేసుకున్న పదార్థాలు, ఉన్నట్టు, అంతే. వైరస్ దానంతటదే పోయినవాళ్లకీ ఏళ్ల తరబడి ఆ గీత పడుతూనే ఉంటుంది. అసలు సంగతి తేల్చేది ఆర్ఎన్ఏ పరీక్ష, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్ష. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్ష, మందులు ఉచితం. ఆ రిపోర్టు చీటీ పట్టుకుని గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో ఓపీ రాయించుకుని అడగండి. వైరస్ ఉన్నా టెన్షన్ వద్దు, సాధారణంగా 12 వారాల మాత్రలతో నూటికి 95 మందికి నయమవుతోంది. మందులు మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి కూడా చూడమనండి.

చెప్పకుండా హెచ్ఐవీ పరీక్ష కూడా చేశారన్న మీ కోపం న్యాయమే. 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం దానికి సమ్మతి తీసుకోవాలి.