నగల పని నేర్చుకోబోతున్న మేనకోడలికి

అమ్మాయ్,

ఒంగోల్లో నగల తయారీ క్లాసులో చేరతానన్న నీ మెసేజ్ చూసి ఎంత సంతోషమేసిందో. మన ఇళ్లల్లో కుంపటి ముందు మగపిల్లల్నే కూర్చోబెట్టేవాళ్లు, ఆడపిల్లకి ఆ మూలకి రావడానికే వీలుండేది కాదు, కాబట్టి నువ్వు మాత్రం తప్పకుండా చేరు. ఫీజు కట్టేముందు ఒక్కటి అడుగు: టంకం, అంటే అంచుల్ని అతికించడానికి కరిగించే లోహం, ఎవరు పెడతారు, నువ్వా, నేర్పేవాళ్లా?

చాలాచోట్ల కోసిచ్చిన ముక్కలు చేతిలో పెట్టి, మంట పని వాళ్లే చేసేసి, సాయంత్రానికి నాలుగు నగలు డబ్బాలో పెట్టి పంపుతారు. ఫోటోలకి బాగుంటుంది గానీ చేతికి ఏమీ రాదు. ఒక్కటంటే ఒక్క సాదా ఉంగరం, అదీ రాగితో, మొదట్నుంచి చివరిదాకా నీ చేత్తోనే చేయించే క్లాసు దొరికితే, దూరమైనా సరే అక్కడికే వెళ్లు. పూసలు, దారాల నగలు చాలనుకుంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాల్లో 13 రోజుల కోర్సు ఫ్రీగా నేర్పుతారు, అదీ మంచి పనే. నువ్వు లోహం పని అడిగావు కాబట్టి ఇదంతా రాస్తున్నా.

మొదట రంపం. బ్లేడు పళ్లు పిడివైపు, అంటే కిందికి చూడాలి, ఎందుకంటే కిందికి లాగినప్పుడే కోస్తుంది, పైకి పోయేటప్పుడు ఊరికే పోతుంది. బిగించాక గోటితో మీటితే టింగుమనాలి, లేకపోతే వదులుగా ఉన్నట్టు. కాస్త తేనెమైనం రాయి. బ్లేడ్లు తెగుతాయి, తెగనీ, టెన్షన్ పడకు. బలం పెట్టి నొక్కావంటే ఇంకా తెగుతాయి.

ఉంగరానికి రేకు ఎంత పొడవు కోయాలో కూడా అడిగి తెలుసుకో, లోపలి వ్యాసానికి రేకు మందం కలిపి 3.14తో గుణిస్తే వచ్చేస్తుంది. 17 మిల్లీమీటర్ల ఉంగరం, రేకు ఒకటిన్నర మిల్లీమీటరు అనుకో, 58 చిల్లర వస్తుంది. ఆ కొలత కోసి, కాల్చి మెత్తబడ్డాక కొయ్యసుత్తితో కడ్డీ మీద వంచితే రెండు అంచులూ కలుస్తాయి. నువ్వు ఓపిక పట్టాల్సింది ఇక్కడే. అతుకుని వెలుతురుకి అడ్డంగా పెట్టి చూడు, సన్నటి వెలుగు గీత కనబడినా ఆకురాయితో మళ్లీ సరిచెయ్యి, ఎందుకంటే టంకం సందు పూడ్చదు, కుదిరిన అతుకులోకే పాకుతుంది. పక్కవాళ్లు మంట దాకా వెళ్లిపోయినా నువ్వు తొందరపడకు.

మంట దగ్గర అతుకుకి వెలిగారం (బోరాక్స్) రాసి, టంకం ముక్క పెట్టి, ముక్క మీద కాకుండా ఉంగరం మొత్తానికీ సెగ తగిలేలా తిప్పాలి. ముందు వెలిగారం తెల్లగా పొంగుతుంది, తర్వాత అణిగి గాజులా మెరుస్తుంది, ఆ తర్వాత ఒక్కసారిగా టంకం కరిగి అతుకు పొడుగునా తళుక్కున గీతలా పరుగెత్తుతుంది. వెంటనే మంట తీసెయ్. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి కాబట్టి కొంచెం అటూ ఇటూ అయినా ఓర్చుకుంటుంది, వెండి 962కే కరిగిపోతుంది. అందుకే రాగితో చెయ్యి తిరిగాకే వెండి జోలికి వెళ్లమంటున్నా, బంగారం ఇంకా తర్వాత మాట.

వాళ్లు వాడే టంకంలో కాడ్మియం ఉందేమో మొహమాటం లేకుండా అడుగు. కేడీఎం అని మన బజార్లలో ఎన్నో ఏళ్లు నడిచిందే అది, కరిగేటప్పుడు వచ్చే పొగ ఊపిరితిత్తుల్నీ కిడ్నీల్నీ పాడుచేస్తుంది. ఉందంటే ఆ క్లాసు మనకొద్దు. అతికాక ఉంగరం శుభ్రం చేసే ఆసిడ్ కలిపేటప్పుడు నీళ్లలో ఆసిడ్ పోయాలి, ఆసిడ్‌లో నీళ్లు పోయకూడదు. నూలు బట్టలు వేసుకో, జడ ముడి వేసుకో, చున్నీ ఇంట్లో పెట్టి వెళ్లు. పాలిష్ మెషిన్ దగ్గర జుట్టో కొంగో చుట్టుకుందంటే మనిషినే లాగేస్తుంది, అక్కడ గ్లవుజులు కూడా వేసుకోవద్దు.

సొంత పనిముట్లు అప్పుడే కొనకు. సంక్రాంతికి నెల్లూరు వస్తావుగా, చేసిన ఉంగరం ఎలా ఉన్నా పట్టుకురా, అతుకు చూసి ఏం సరిచేయాలో చెప్తా, ఆచారి వీధికి తీసుకెళ్లి నీ చేతికి సరిపోయే రంపం ఏదో పట్టి చూపిస్తా.

మీ మామయ్య