ఎవరి జుట్టు ఎవరి చేతిలో ఉందో చూడండి

మీ ప్రశ్న: "టెక్నాలజీలో అమెరికాను చైనా దాటేసిందా? రోజుకో వార్త రోజుకో రకంగా చెబుతోంది. దేన్ని నమ్మాలి?"

దాటేయలేదు. కానీ అమెరికా ఒక్కటే ఆంక్షలు పెడుతుంటే మిగతావాళ్లంతా పడి ఉండే రోజులు మాత్రం పోయాయి. నా దృష్టిలో అసలు మార్పు అదే. రోజువారీ వార్తల్లో అది సరిగ్గా కనిపించకపోవడానికి కారణం కూడా ఉంది.

నేను చాలా ఏళ్లుగా ఒక దినపత్రికలో అంతర్జాతీయ వార్తల డెస్కులో పనిచేస్తున్నాను. వార్తా ఏజెన్సీల నుంచి వచ్చే కాపీని తెలుగు చేసి, పేజీ పెట్టించి పంపడం నా పని.

2025 జనవరి 27 రాత్రి సంగతే తీసుకోండి. ఫ్లాష్ మీద ఫ్లాష్ వస్తోంది. ఏఐకి కావాల్సిన చిప్‌లు చేసే అమెరికా కంపెనీ ఎన్విడియా షేరు పడింది, ఇంకా పడింది. అమెరికా మార్కెట్ ముగియకముందే మా ఎడిషన్ టైం దగ్గరపడింది. తెల్లారేసరికి లెక్క తేలింది: ఒక్క రోజులో దాదాపు 60,000 కోట్ల డాలర్ల విలువ పోయింది. అప్పటిదాకా ఏ అమెరికా కంపెనీ కూడా ఒక్క రోజులో అంత పోగొట్టుకోలేదు. దీనికి కారణంగా ప్రతి కాపీలోనూ ఒకటే అంకె. డీప్‌సీక్ అనే చైనా కంపెనీ కేవలం 56 లక్షల డాలర్లతో అమెరికా కంపెనీలతో పోటీపడే ఏఐ మోడల్ తయారుచేసిందట.

ఆ అంకె ఎక్కడిదా అని కంపెనీ నెల ముందు విడుదల చేసిన పత్రం తెరిచాను. ఎవరైనా చదవొచ్చు, దాచిందేమీ కాదు. అందులో వాళ్లే స్పష్టంగా రాశారు: ఇది చివరి శిక్షణకు అయిన ఖర్చు మాత్రమే, అంతకుముందు చేసిన పరిశోధన, ప్రయోగాల ఖర్చు కలపలేదు అని. పైగా ఆ అంకె వీ3 అనే మోడల్‌ది. ఆ వారం లోకమంతా మాట్లాడుకుంటున్నది అదే కంపెనీ కొత్త మోడల్ ఆర్1 గురించి. ఇంకా ముఖ్యమైన సంగతి, వీ3కి శిక్షణ ఇచ్చింది 2,048 హెచ్800 చిప్‌ల మీద. అవి ఎన్విడియావే. 2022 అక్టోబరులో అమెరికా పెట్టిన ఆంక్షలు దాటకుండా, చైనాకు అమ్ముకోవడానికి సామర్థ్యం తగ్గించి చేసిన రకం. ఏడాది తిరిగేసరికి వాటి అమ్మకం కూడా ఆపేశారు.

అలాగని డీప్‌సీక్ సాధించింది ఉత్తుత్తి గెలుపు కాదు. ఒక మెట్టు తక్కువ రకం చిప్‌లతో అంత పని చేయించడం, మోడల్‌ను ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేలా ఇచ్చేయడం నిజంగా పెద్ద విషయం. కానీ ఈ రెండు వైపులా కలిపి చెబితేనే అది పూర్తి వార్త అవుతుంది. హెడింగ్‌లో మాత్రం ఒక అంకెకూ ఒక విజేతకూ తప్ప చోటుండదు.

అందుకే ఇలాంటి వార్త వచ్చినప్పుడు ఎవరు ముందున్నారని నేను చూడను. ఇందులో ఎవరి జుట్టు ఎవరి చేతిలో ఉందని చూస్తాను.

అత్యాధునిక చిప్ చేయాలంటే ఈయూవీ యంత్రం కావాలి. కరిగిన తగరం బిందువులను సెకనుకు 50,000 చొప్పున లేజర్‌తో కొట్టి, వచ్చిన కాంతితో సిలికాన్ మీద గీతలు గీసే యంత్రం అది. దాన్ని తయారుచేసేది ప్రపంచంలో ఒక్క కంపెనీయే, నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్. అద్దాలు జర్మనీలోని జైస్ నుంచి వస్తాయి. ఆ యంత్రాలతో పెద్ద ఎత్తున చిప్‌లు చేసేది తైవాన్‌లోని టీఎస్ఎంసీ. అమెరికా ఒత్తిడితో ఆ యంత్రం ఇప్పటిదాకా చైనాకు అమ్మలేదు. ఇక్కడ చైనా జుట్టు అవతలివాళ్ల చేతిలో ఉంది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. 2023 ఆగస్టు నుంచి, చిప్‌ల తయారీలో వాడే గాలియం, జెర్మేనియం బయటికి పంపాలంటే లైసెన్సు ఉండాలంది చైనా. 2024 డిసెంబరులో అమెరికాకు వాటిని అసలే పంపబోమంది. ఇవి రెండూ మా దగ్గర బిజినెస్ పేజీ దాటి రాలేదు. 2025 ఏప్రిల్‌లో ఏడు రకాల అరుదైన లోహాలు, వాటితో చేసే అయస్కాంతాల మీదా ఆంక్షలు పెట్టింది. గని ఏ దేశంలో ఉన్నా, శుద్ధి దాదాపు 90 శాతం చైనాలోనే జరుగుతుంది. ఎలక్ట్రిక్ కారు మోటారు దగ్గర్నుంచి యుద్ధవిమానం దాకా ఆ అయస్కాంతాలు కావాలి. నెల, రెండు నెలల్లోనే కొన్ని కార్ల కంపెనీలు ఉత్పత్తి ఆపుకోవాల్సి వచ్చింది. మేలో అమెరికా, చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను చైనాకు అమ్మొద్దని తన కంపెనీలకు చెప్పింది. రెండు దేశాలూ కూర్చుని మాట్లాడుకున్నాక, జులై మొదట్లోనే ఆ ఆంక్షను ఎత్తేసింది.

నాకు ఈ పదేళ్లలో చదివిన వార్తలన్నిటికంటే ఆ ఒక్క వెనకడుగు ముఖ్యంగా కనిపించింది. టెక్నాలజీలో ఆంక్ష పెట్టిన అమెరికా, ఎదుటివాళ్ల దగ్గరా ఆయుధం ఉందని తెలిసి మెట్టు దిగింది.

ఇక ఈ వార్తలను మనదాకా తెచ్చే మీడియా సంగతి. దీనికీ అదే కొలత, ఎవరి జుట్టు ఎవరి చేతిలో ఉందని. 1870లో బ్రిటన్‌కు చెందిన రాయిటర్స్, ఫ్రాన్స్‌కు చెందిన హవాస్, జర్మనీకి చెందిన వోల్ఫ్ అనే మూడు వార్తా ఏజెన్సీలు ఒప్పందం చేసుకుని, ఏ ప్రాంతం వార్తలు ఎవరివో పంచుకున్నాయి. 1914 ఆగస్టు 5న, జర్మనీ మీద యుద్ధం ప్రకటించిన మర్నాడే, బ్రిటన్ చేసిన మొదటి పనుల్లో ఒకటి సముద్రం అడుగున జర్మనీ టెలిగ్రాఫ్ కేబుళ్లు తెంపడం. ఆ తర్వాత అమెరికా పత్రికలకు యుద్ధ వార్తలు ఎక్కువగా లండన్ మీదుగానే చేరాయి. నేటికీ ఆఫ్రికాలో ఏదైనా తిరుగుబాటు జరిగితే, నా చేతికొచ్చే కాపీలో చాలాసార్లు డేట్‌లైన్, అంటే వార్త ఎక్కడి నుంచి రాశారో చెప్పే ఊరి పేరు, పక్క దేశానిదో, యూరప్ నగరానిదో అయి ఉంటుంది. అక్కడి జనం మాట చివరి పేరాలో వస్తుంది. పేజీలో చోటు చాలకపోతే ముందు పోయేది ఆ పేరాయే. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

2022 మార్చిలో యూరోపియన్ యూనియన్ రష్యా చానళ్లు ఆర్‌టీ, స్పుత్నిక్‌లను నిషేధించింది. అదే నెలలో పశ్చిమ ఆఫ్రికా దేశం మాలి, ఫ్రాన్స్ ప్రభుత్వ చానళ్లను ఆపేసింది. తర్వాత బుర్కినా ఫాసో, నైజర్ అదే దారి పట్టాయి. దేశాల సంగతి ఇలా ఉంటే, కంపెనీలు ఇంకో అడుగు ముందున్నాయి. వార్తలకు డబ్బు చెల్లించాలని కెనడా చట్టం చేస్తే, 2023 ఆగస్టు నుంచి మెటా అక్కడ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వార్తలనే తీసేసింది. అదే నెలలో కార్చిచ్చు ముంచుకొచ్చి ఎల్లోనైఫ్ నగరాన్ని ఖాళీ చేయించారు. ఊరు వదిలి పోతున్న జనం ఒక వార్త లింకు పంచుకుందామన్నా కుదరలేదు. ప్రధాని గట్టిగా అడిగినా కంపెనీ ససేమిరా అంది. ధనిక దేశాల కూటమి జీ7లో ఉన్న దేశానికే ఆ పరిస్థితి వస్తే, చిన్న దేశాల గతేమిటో ఊహించుకోవచ్చు.

మీరు దేన్ని నమ్మాలంటే, పెద్ద అంకె కనిపించినప్పుడు అది మొదట ఏ పత్రంలో వచ్చిందో వెతికి ఆ పేరా చదవండి. చాలాసార్లు పది నిమిషాల పని. "చైనా గెలిచింది", "అమెరికా మళ్లీ ముందుకొచ్చింది" లాంటి హెడింగులను పక్కన పెట్టినా ఏమీ నష్టపోరు.

నేనైతే రెండు విషయాలు గమనిస్తున్నాను. చైనా బయట అరుదైన లోహాలను శుద్ధి చేసే ఫ్యాక్టరీలు చాలినన్ని రావడం ఒకటి, చైనాలో సొంత ఈయూవీ యంత్రంతో చిప్‌లు తయారవడం రెండోది. రెంటికీ ఏళ్లు పడుతుంది. రెండోది ముందు జరిగితే, మీ ప్రశ్నకు పైన ఇచ్చిన మొదటి మాటను నేను మార్చుకుంటాను.